ఏర్ అంటే నీళ్లు సార్, ఏరు కాదు

సోమవారం పొద్దున సారు ఒకటో తరగతి పిల్లకి కుండ బొమ్మ చూపించి, ఇందులో ఏముంటుందని అడిగాడు. పిల్ల టక్కున "ఏర్" అంది. కోయలో ఏర్ అంటే నీళ్లు. సారుకి తెలుగు ఏరు వినబడింది. "ఏరు కుండలో ఎట్లా పడుతుందే?" అని నవ్వాడు. మిగతా పిల్లలూ నవ్వారు. నవ్వినోళ్లూ కోయ పిల్లలే. సరైన జవాబు చెప్పి తల దించుకున్న ఆ పిల్ల, వారమంతా ఆ గదిలో మళ్లీ నోరు విప్పలేదు.

పోయిన నెల మా పక్క గూడెం బడిలో వారం రోజులు కూర్చున్నా. ఐదు తరగతులు, ఒకటే గది, ఒకటే సారు. 60 మంది లోపు పిల్లలున్నా ఇద్దరు టీచర్లుండాలని 2009 విద్యాహక్కు చట్టంలోనే ఉంది. గోడ మీద మాత్రం వారం ప్రణాళిక రంగురంగుల్లో ఉంది. కథలు, ఆటలు, కృత్యాలు.

మంగళవారం ఇంగ్లీషు. పాఠం ఇంగ్లీషులో, వివరణ తెలుగులో, పిల్లల బుర్రలో కోయ. మా పిల్లలకి లోన్ అంటే ఇల్లు. సారుకి బ్యాంకు అప్పు.

బుధవారం సారుకి మండలంలో మీటింగు. బడి వంటక్క చేతిలో పడింది. ఆ వారంలో చదువంటూ జరిగింది ఆ రోజే. అక్క పప్పు కడుగుతూనే పిల్లల్ని చెట్టు కింద కూర్చోబెట్టి, కోయలో తునికాకు లెక్క అడిగింది. కట్టకి 50 ఆకులు, 20 కట్టలకి ఎన్ని? రిజిస్టర్లో "గుణకారం రాదు" అని రాసున్న మూడో తరగతి పిల్లాడు వేళ్లు కూడా ముడవకుండా వెయ్యి అన్నాడు. కల్లేదారు 3 కట్టలు బాగాలేవని పక్కన పడేస్తే? 850 అంది ఇంకో పిల్ల. అని ఊరుకోలేదు, "పడేసినవి కూడా వాడే పట్టుకుపోతాడక్కా" అంది. సోమవారం మూగబోయిన చిన్నది ఆ చెట్టు కింద గలగలా మాట్లాడింది.

ఇప్పుడు చెప్పండి, వెనకబడింది ఎవరు?

సారు చెడ్డోడు కాదు. రోజూ అంత దూరం నుంచి బండి మీద వస్తాడు. ఆయనకి కోయ నేర్పాలని ఏ ఆఫీసుకీ తోచలేదు. తల్లిభాషలో ప్రాథమిక విద్య అని రాజ్యాంగం 350ఏ చెప్తుంది. విద్యాహక్కు చట్టం 29వ సెక్షనూ చెప్తుంది, కానీ "వీలైనంత వరకు" అని. ప్రభుత్వాలన్నీ ఆ ఒక్క మాట వెనకే దాక్కున్నాయి. 2004లో ఉమ్మడి రాష్ట్రంలో కోయ, గోండి, కొలామి, కువి, సవరతో కలిపి ఎనిమిది భాషల్లో చదువు మొదలుపెట్టారు. మొదలుపెట్టడం మనకెప్పుడూ దొరుకుద్ది, కొనసాగడమే దొరకదు.

ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ ఆదివాసులకే అన్న జీవో 3 2000లో వచ్చింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు కొట్టేసింది. నూటికి నూరు శాతం చెల్లదంది. అందరూ దాన్ని ఉద్యోగాల గొడవగానే చూశారు, మనవాళ్లతో సహా. పిల్ల "ఏర్" అన్నప్పుడు నీళ్లు అని అర్థమయ్యే మనిషి ఆ గదిలో ఉండాలా వద్దా అన్నది కూడా ఆ కేసులో ఉంది. అది ఎవరికి పట్టింది?

"కోయలో చెప్తే పిల్లలు పాడైపోతారు, ఇంగ్లీషు వద్దా మీకు?" అని మన చదువుకున్న అన్నలే అడుగుతారు. ఇంగ్లీషు కావాలన్నా. బాగా కావాలి. పిల్ల నోరు మూయించి ఏ భాష నేర్పుతారో చెప్పండి.

శనివారం పరీక్ష. సారు ఫోన్ పట్టుకుని సిగ్నల్ కోసం గుట్టెక్కి మార్కులు ఎక్కించాడు. చిన్నదాని పేరు పక్కన "మాట్లాడదు" అని రాశాడు.

బడి కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలని చట్టం. ఆ కమిటీ పేరున తీర్మానం రాశాం. కోయ వచ్చిన మనిషిని బడిలో పెట్టాలి, జీతమిచ్చి పెట్టాలి, మొదటి పేరు వంటక్కది. వచ్చే సోమవారం సారు చేత కూడా సంతకం పెట్టిస్తాం.