ట్రైలర్ వెనుక దీపం వెలుగవలదా?

బెంగళూరు వీధులలో విద్యుద్దీపాలు వెలిగినది 1905లో. అంతకు మూడేండ్ల ముందే, 1902లో, శివనసముద్రం జలవిద్యుత్తు మన కోలారు బంగారు గనులకు చేరినది. అటువంటి జిల్లాలో నేటికీ టమోటా పెట్టెలు నింపుకొని, వెనుక దీపమైనా లేక చీకటిలో సాగే ట్రాక్టరు ట్రైలర్లు కనబడుట విచారకరము. కోలారు, వడ్డహళ్లి మార్కెట్లకు సరుకు చేర్చు తొందర రైతుకు సహజమే. కాని వెనుక వచ్చు మోటారుసైకిలు వానికి ఆ ట్రైలర్ దగ్గరకు వచ్చువరకు కనబడదు.

సూర్యాస్తమయమైన అరగంట నుండి సూర్యోదయానికి అరగంట ముందు వరకు దీపాలు వెలుగవలెనని 1989 నాటి కేంద్ర మోటారు వాహన నియమాలు చెప్పుచున్నవి. నియమము తెలియక కాదు, "వైరింగు మనకు అర్థం కాదు" అను నిరాశ వలననే పలువురు ఊరకుందురు. నిజానికి లోపము ఎక్కడున్నదో పగటిపూట ఇంటివద్దనే కనుగొనవచ్చును.

ముందుగా ట్రైలర్ ప్లగ్గు ఊడదీసి, లైట్ల స్విచ్చి వేసి, ట్రాక్టరు సాకెట్టును 12 వోల్టుల టెస్టు బల్బుతో పరీక్షించవలెను. అక్కడ వెలుగకున్న లోపము ట్రాక్టరులోనే: ఫ్యూజు, స్విచ్చి చూడవలెను. వెలిగినచో లోపము ప్లగ్గులోనో, ట్రైలర్లోనో ఉన్నట్లు.

ఒక్క దీపమే వెలుగకున్న మొదట బల్బును, హోల్డరు తుప్పును చూడుడు. ఇండికేటరు వేసినప్పుడు వెనుక దీపము కూడ దానితో మిణుకుమన్నచో ఎర్తు సరిగా లేదని గుర్తు. కొక్కెము ద్వారా ఎర్తు అందునని నమ్మరాదు. గ్రీజు, తుప్పు, రంగు దానిని అడ్డగించును. ప్లగ్గు నుండి ప్రత్యేక ఎర్తు తీగ లాగి, ఛాసిస్‌పై రంగు గీకి బోల్టుతో బిగించవలెను. కొక్కెము వద్ద తీగను కొంత వదులుగా ఉంచనిచో మలుపులో తెగిపోవును.

ఫ్యూజు మాటిమాటికి పోయినచో దానికి బదులు రాగితీగ చుట్టుట ప్రమాదకరము. తీగ వేడెక్కి మంటలు లేవవచ్చును. ఒరిసిన తీగ ఎక్కడున్నదో వెదకుటయే మార్గము. ఎరుపు రిఫ్లెక్టరు టేపు అంటించుట మంచిదే, కాని అది దీపమునకు బదులు కాదు.

బండి బయలుదేరుటకు ముందు ఇంటివారొకరు వెనుక నిలిచి, బ్రేకు తొక్కించి, రెండు ఇండికేటర్లు వేయించి చూడుడు. రెండు నిమిషముల పని. బండి నడుపువాడు తన వెనుక దీపమును తాను చూడలేడు గదా!