నీళ్ళ తుపాకీ విప్పిన పాపానికి

"ఏంది సామీ, బెంగుళూర్లో అంత జీతం తీసుకుంటా ఈడకొచ్చి పిల్లోళ్ళ బొమ్మలు ఇప్పదీస్తా ఉండావా?" అన్నాడు మా బావ.

ఆత్మకూరులో అక్కా వాళ్ళ వరండా. నేనూ, మా మేనల్లుడూ బాసింపట్టు వేసుక్కూర్చున్నాం. మధ్యలో పాత పేపరు మీద వాడి నీళ్ళ తుపాకీ ముక్కలు: స్ప్రింగు, పిస్టను, రెండు బుల్లి వాల్వులు. బావ నవ్వుతూనే అన్నాడు లెండి. నా పేచీ ఆయనతో కాదు, ఆ నవ్వు వెనకున్న నమ్మకంతో. చదువుకున్నవాడు వస్తువు వాడాలి, పాడైతే కొత్తది కొనాలి, విప్పే పని మెకానిక్కుది... ఇదీ ఒక రకం వర్ణవ్యవస్థే, మీరేమనుకున్నా సరే.

ఇంకొకరిని తిట్టేముందు నా సంగతి చెప్పుకోవాలి. ఆ తుపాకీ తిరణాల్లో 150 రూపాయలకి కొన్నది. నీళ్ళు రెండు గజాలు కూడా పోవు. మూతి దగ్గర బెజ్జం చూస్తే ఒక మిల్లీమీటరు ఉందేమో. ఇంజినీర్ని కదా, పిన్నీసు కాల్చి దాన్ని రెండు మిల్లీమీటర్లు చేశాను. ఈసారి నీళ్ళు వాడి కాళ్ళ మీదే పడ్డాయి. వాడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

బస్టాండు దగ్గర మోటార్లు రివైండింగు చేసే ఒకాయన ఉన్నాడు. సిగ్గు విడిచి అడిగా. "పంపు మార్చకుండా మూతి పెద్దది చేస్తే ధార ఎట్టొస్తది సార్? మీ వేలు తోసినన్ని నీళ్ళేగా వచ్చేది" అన్నాడు, చేతిలో తీగ చుట్టడం ఆపకుండా. అంతే. బెజ్జం అడ్డుకొలత రెట్టింపైతే వైశాల్యం నాలుగింతలు. వేలు నొక్కే వేగం మారలేదు కాబట్టి ధార వేగం నాలుగో వంతుకి పడిపోతుంది. దీన్నే కంటిన్యూటీ ఈక్వేషన్ అంటారు. నేను మెకానికల్ చదివి జావా రాసుకునే బాపతు. ఇదే ఈక్వేషను పరీక్షలో డెరివేషనుతో సహా రాసి మార్కులు తెచ్చుకున్నా. మా ల్యాబులో పంపు నాలుగేళ్ళలో తిరగ్గా చూసినవాడు లేడు. రీడింగులన్నీ సీనియర్ల రికార్డుల్లోంచి దిగినవే. వాళ్ళకెక్కడివో దేవుడికెరుక!

మర్నాడు మొక్కలకి కొట్టే రెండు లీటర్ల చేతి స్ప్రేయరు కొన్నాం, కొత్తది. (పొలంలో మందు కొట్టే పంపు సామాను మాత్రం ఎంత కడిగినా పిల్లల ఆటకి వాడకండి. ఇక్కడ రాజీ లేదు.) ఇందులో వేలి బలంతో పనిలేదు. గాలి కొట్టి పెడితే ఒత్తిడి లోపల నిలవుంటుంది. తుంపర చేసే మూతి తీసేసి, నున్నటి రెండు మిల్లీమీటర్ల మూతి పెట్టాం. ఇక్కడ పెద్ద బెజ్జం పనిచేసింది! రెండు బార్ల ఒత్తిడికి ధార సెకనుకి సుమారు 20 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. కాగితం మీద లెక్క 40 మీటర్ల దూరం చూపిస్తుంది గానీ గాలి ఊరుకోదు, ధారని చీల్చి తుంపర చేస్తుంది. మాకు తొమ్మిది మీటర్లు దక్కింది. ధార నున్నగా వస్తే దూరం పెరుగుతుంది. అందుకని వాడు మూతి లోపలి గరుకంతా అగ్గిపుల్లకి సాండ్‌పేపరు చుట్టి అరగంట సేపు రుద్దాడు. హోంవర్కు ముందు పదినిమిషాలు కూర్చోడని మా అక్క కంప్లయింటు!

పంపు వాషరు వదులైతే సైకిల్ షాపులో తోలు వాషరు తెచ్చి, అంచులు కత్తిరించి, నూనె రాసి వేశాం. దాంతో ఇంకో జబ్బు బయటపడింది. మొదటి దెబ్బ గోడ దాటుతుంది, ఆఖరిది గుమ్మం కూడా దాటదు. ఎందుకంటే నీళ్ళు తగ్గేకొద్దీ లోపలి గాలి సాగి బలహీనపడుతుంది. 1996లో వచ్చిన సీపీఎస్ 2000 అనే అమెరికా నీళ్ళ తుపాకీలో ఇందుకే గాలి బదులు రబ్బరు తిత్తి పెట్టారు, చివరిదాకా దాదాపు ఒకే ఒత్తిడి. మేము సైకిల్ ట్యూబుతో చేశాం. కప్పని మింగిన పాములా ఒకచోటే ఉబ్బింది. పైన ఇంకో ట్యూబు ముక్క తొడిగితే దారికొచ్చింది. ఆ తొడిగే ఐడియా వాడిదే, నాది కాదు.

"పనికిమాలిన పని" అనేవాళ్ళకి ఒక కథ. లానీ జాన్సన్ నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబులో ఇంజినీరుగా పనిచేసినవాడు. 1982లో ఇంట్లో, ఫ్రియాన్ బదులు నీళ్ళతో నడిచే హీట్ పంపు మీద ప్రయోగం చేస్తుంటే నాజిల్లోంచి ధార బాత్‌రూము అవతలికి దూసుకెళ్ళింది. ప్లాస్టిక్ గొట్టాలతో తుపాకీ చేసి కూతురికిచ్చాడు. 1986లో పేటెంటు, 1990లో మార్కెట్లోకి, మరుసటేడు సూపర్ సోకర్ అన్న పేరు. చిన్నప్పుడు వంటింట్లో రాకెట్ ఇంధనం కాచి ఇల్లు తగలబెట్టబోయాడట. ఇంట్లోవాళ్ళు తన్నలేదు. హాట్ ప్లేట్ చేతికిచ్చి బయట చేసుకోమన్నారు. మన ఇళ్ళలో అయితే? ఆ హాట్ ప్లేట్ అమ్మేసి ట్యూషన్ ఫీజు కట్టుండేవాళ్ళం.

అంతదూరం ఎందుకు, మనకి చిమ్మనగ్రోవి లేదూ? వెదురు గొట్టం, ఒక కర్ర, కర్ర చివర చుట్టిన గుడ్డ. తడిస్తే గుడ్డ ఉబ్బి గొట్టానికి అతుక్కుంటుంది, అదే సీలు. పెళ్ళిళ్ళలో వసంతాలకి మనవాళ్ళు చేతులతో చేసుకున్నదే. ఉదయగిరిలో గరిటెలు చెక్కేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ పనికి జీఐ గుర్తింపు కూడా వచ్చింది. మా వీధి పిల్లల్లో ఎంతమంది ఆ ఉలి పట్టి చూశారో అడక్కండి. నేనూ పట్టలేదు.

నేను జవాబు వెతుక్కోవాల్సొచ్చిన అభ్యంతరం ఒక్కటే, అది మా అమ్మది. ఉదయగిరి నుంచి ఫోన్లో, "ఇక్కడ ట్యాంకరు కోసం బిందెలు వరసలో పెట్టుకుంటంటే మీకు నీళ్ళతో ఆటలా నాయనా?" అంది. ఆత్మకూరు దగ్గర సోమశిలలో 78 టీఎంసీలు పట్టే జలాశయం, మాకేమో ఎండిన బోర్లు, ఫ్లోరైడు. ఆ మాటకి ఎదురు చెప్పలేను. అందుకే బియ్యం కడిగిన నీళ్ళు వడగట్టి వాడాం, గురి మల్లెచెట్ల పాదులకే పెట్టాం. మన అపార్టుమెంట్ల షవర్ల కింద పోయేదాని లెక్క ఇంకెప్పుడైనా తీద్దాం. మొహాలకి గురిపెట్టకూడదని కూడా రూలు పెట్టుకున్నాం, ఆ ఒత్తిడికి కళ్ళు దెబ్బతింటాయి.

ఇక మన సంగతి. ప్రతి ప్రాజెక్టులో ఓ మాడ్యూలు ఉంటుంది. రాసినవాడు ఎప్పుడో అమెరికా వెళ్ళిపోయాడు. "నడుస్తోంది కదా, కదిలించకు" అంటాడు లీడు. లోపల ఏముందో చూడకుండానే దాని మీద ఇంకో పొర వేస్తాం. సర్వరు మొరాయిస్తే రీస్టార్టు కొట్టి వెళ్ళి కాఫీ తాగుతాం. అప్పుడు మా బావ గొంతే వినిపిస్తుంది నాకు. మనం భయపడేది పాడైపోతుందని కాదండీ. విప్పాక మనకి తెలీదన్న సంగతి బయటపడుతుందని. రెండు మిల్లీమీటర్ల బెజ్జం నాకా సంగతి బయటపెట్టింది, పదేళ్ళ పిల్లాడి ముందు. ఏమీ కాలేదు నాకు.

జూన్‌లో వాణ్ణి నెల్లూర్లో ఐఐటీ ఫౌండేషన్ హాస్టల్లో వేశారు. నేనూ గట్టిగా వద్దనలేదు, ఫీజులో కొంత నేనే పంపా. స్ప్రేయరు బీరువా మీద ఉంది. ఆదివారం ఫోన్లో వాడికి ఐదు నిమిషాలిస్తారు. మొన్న వాళ్ళమ్మతో మాట్లాడి, చివర్లో నాకు కలిపించమన్నాడట.

"మామా, వాషరు తోలుది కదా, ఎండిపోయుంటది. రెండు చుక్కలు నూనె ఎయ్యమని అమ్మకి చెప్పు, మర్చిపోమాక."