విజ్ఞాన విశేషములు: వెనుదిరుగు వెలుగు

ఈసారి అట్లతద్దెకు మేము మోపిదేవిలో మా అన్నగారి యింట నుంటిమి. ఉయ్యాలల సందడి ముగిసి, నోము నోచినవారు చంద్రోదయమునకై యెదురుచూచుచున్న వేళ, మా చిన్న మేనకోడలు పెరటిలోని యిత్తడి గంగాళపు నీటిలో వెదురుకఱ్ఱ నొకదానిని ఏటవాలుగ నిలిపి, "అత్తయ్యా, ఇది విఱిగినట్లున్నదేమి?" అని యడిగినది. దాని యక్కకు వేఱొక చింత గలదు. ఆమెకు అయిదవ నెల. ముందునాడే బందరులో స్కానింగు చేయించుకొని వచ్చినది. శిశువు గుండెలో చిన్న రంధ్రమున్నదేమో యను అనుమానము కలుగుచున్నదనియు, నిశ్చయముగ చెప్పుటకు నాలుగు వారముల పిమ్మట మఱల రావలెననియు వైద్యురాలు చెప్పినదట. శబ్దమును విరుద్ధముగ వంచు పదార్థము కనిపెట్టబడినదనియు, దానితో ఎంత సూక్ష్మవస్తువునైనను చూడవచ్చుననియు ఆమె యే పత్రికలోనో చదివియుండెను. "అది బందరునకు వచ్చుట కెన్నాళ్లు పట్టును అత్తయ్యా? ఈ నాలుగు వారములలో రాదా?" అని యామె ప్రశ్న. అక్క ప్రశ్నయు చెల్లెలి ప్రశ్నయు ఒక్కటే యని మేము చెప్పగా ఇద్దఱును నమ్మలేదు. వారికి చెప్పినదానినే ఈ నెల మా సోదరీమణులకును చెప్పుచున్నాము.

వెలుగు గాలిలో నాలుగడుగులు వేయు కాలమున నీటిలో మూడడుగులే వేయును. అందుచేత నీటిమట్టము కడ దాని దారి వంగును. ఆ మట్టముమీద నిట్టనిలువుగ ఒక గీత యున్నదనుకొనుడు. కుడివైపునుండి వచ్చిన కిరణము ఆ గీతను దాటి, నీటిలో ఎడమవైపునకు పోవును. గాజైనను, నూనెయైనను, వజ్రమైనను వంపులో హెచ్చుతగ్గులే గాని, గీతను దాటకుండుట లేదు. శబ్దమునకును ఇట్టి వంపు గలదు. రాత్రులందు కృష్ణ యొడ్డున నిలిచినవారికి ఆవలి లంకలోని మాటలు చెంతనే యున్నట్లు వినబడును. నీటిపైని గాలి చల్లబడి, అందు శబ్దము మెల్లగ నడచుటచే, పైకి పోవలసిన ధ్వని క్రిందికి వంగి మన చెవిని చేరుచున్నది.

1967లో రష్యాదేశపు భౌతికశాస్త్రజ్ఞుడు విక్టర్ వెసెలాగో, గీతను దాటక వచ్చిన వైపునకే మఱలు కిరణ ముండుట ప్రకృతి నియమములకు విరుద్ధము కాదని వ్రాసెను. అట్టి ద్రవము గంగాళములో నుండినచో, కఱ్ఱ మునిగిన భాగము మట్టముపైకి లేచినట్లు కనబడవలెను! కాని అట్టి పదార్థ మెక్కడను దొరకలేదు. ముప్పదియేండ్లకు పైగా ఆ వ్రాత కాగితముమీదనే నిలిచిపోయెను.

ఈ ఎదురు వంపునకు మూల మేమో తెలియుటకు యంత్రము లక్కఱలేదు. మీ తాళపుచెవుల గుత్తిని జానెడు దారమునకు కట్టి వ్రేలాడదీయుడు. దారము పట్టిన చేతిని మెల్లగ ఇటునటు కదపినచో గుత్తి చేతివెంటనే పోవును. ఆ గుత్తి తనంతట తానూగు వేగముకంటె త్వరత్వరగ చేతిని కదపుడు. చేయి కుడికి పోవునపుడు గుత్తి యెడమకు పోవును. దారమదే, గుత్తి యదే. త్రోపు వేగము మాఱుటచే జవాబు తలక్రిందైనది. మా చిన్నది ఈ పరీక్ష యిరువదిసారులు చేసి, బీరువా తాళపుచెవిని ఎచ్చటనో పడవేసినది.

ఇంగ్లండున జాన్ పెండ్రీ యను శాస్త్రజ్ఞుడు, ఒకచోట తెగియున్న చిన్న లోహపు టుంగరములను వరుసగ పేర్చవచ్చునని 1999లో చూపెను. ఉంగరమున విద్యుత్తు ఆ గుత్తివలెనే తన వేగమున నూగును. అంతకంటె కొంచెము త్వరగ కంపించు తరంగము వచ్చినచో ఉంగరము తరంగములోని అయస్కాంతశక్తికి ఎదురు పలుకును. ప్రక్కన నిలిపిన సన్నని తీగెలు విద్యుచ్ఛక్తికి ఎదురు పలుకును. రెండును కలిసినపుడు కిరణము వెనుదిరుగును. 2001లో అమెరికాలోని శాన్ డియాగోలో షెల్బీ, స్మిత్, షుల్ట్జ్ అను మువ్వురు అట్టి పట్టకమును నిర్మించి, సుమారు 3 సెంటీమీటర్ల పొడవు గల సూక్ష్మతరంగములను దానిగుండ పంపి, అవి విరుద్ధముగ వంగుటను కొలిచిరి. అందలి గళ్లు 5 మిల్లీమీటర్లు. ఎఱ్ఱపోగును నీలిపోగును కలిపి నేసిన చీర దూరమునుండి ఊదాగ కనబడునట్లు, ఆ తరంగమునకు ఆ గళ్లు వేఱువేఱుగ తోపక, ఒక్క పదార్థమువలె తోచును. గుణము లోహమునందు లేదు, అల్లికయందున్నది. ఇట్టివానిని మెటామెటీరియలు లందురు. పేరు క్రొత్తదైనను తలపు మనదేశమునకు క్రొత్త కాదు. 1898లోనే కలకత్తాలో జగదీశచంద్రబోసుగారు జనపనారను త్రాటివలె మెలిపెట్టి, ఆ మెలిక విద్యుత్తరంగముల కంపనపు దిక్కును త్రిప్పుటను చూపిరి.

2006లో ఇట్టి యల్లికతో ఒక రాగి స్తంభమును అదృశ్యము చేసిరని పత్రికలు హోరెత్తించినవి. అది ఒక్క సూక్ష్మతరంగమునకే అదృశ్యము. మనవంటివారి కంటికి నిక్షేపముగ కనబడుచునే యుండెను.

ఇక మా మేనకోడలి సంగతి. స్కానింగు యంత్రము వినరాని శబ్దమును కడుపులోనికి పంపి, ప్రతిధ్వనితో బొమ్మ గీయును. అట్టి శబ్దములు ద్రవములలో వెలుగు నెట్లు చెదరగొట్టునో, కృష్ణామండలపు ఆగిరిపల్లిలో 1909లో జన్మించిన సూరి భగవంతముగారు వాల్తేరు విశ్వవిద్యాలయమున పరిశోధించిరి. సెకనుకు 35 లక్షల కంపనములు గల శబ్దము, శరీరమున సెకనుకు సుమారు 1,540 మీటర్లు నడచును. కనుక ఒక్కొక్క తరంగము అర మిల్లీమీటరుకు కొంచెము తక్కువ. అంతకంటె చిన్న వివరము ఆ తరంగమునకు చిక్కదు. ముతకజల్లెడతో సన్నపిండి పట్టినట్లే. కంపనములు హెచ్చించిన జల్లెడ సన్నబడును గాని, శబ్దము లోతునకు పోకమునుపే అణగిపోవును.

పెండ్రీ 2000లో, వెనుదిరుగు పదార్థపు పలకయే కటకమై, తరంగముకంటె చిన్న వివరములను గూడ తిరిగి కూర్చగలదని లెక్క వేసెను. ఆమె చదివిన వార్తకు మూల మదియే. శబ్దమునకును దారి దొరకినది: 2000లో హాంకాంగువారు రబ్బరు తొడుగు గల సీసపు గుండ్లను జిగురుముద్దలో పొదిగి, గుత్తివలె నూగు శబ్దపదార్థము చేసిరి. 2006లో బర్క్‌లీవారు నీటి కాలువ ప్రక్కన చిన్న మూతి గల కుండలవంటి గుంటలను పేర్చి, వానిలో ఎదురు పలుకుటను కనిరి. 2011లో గుల్లలు గల లోహపు దిమ్మెతో, వెనుదిరుగు వంపుతో పనిలేకయే, తరంగములో ఏబదవవంతు వివరమును చూచిరి.

కాని ఆ సూక్ష్మవివరములు వస్తువు నంటియున్నంత మేరనే యుండును. కొంచెము దూరమైన వెంటనే నశించును. కటకము వస్తువునకు మిక్కిలి చేరువగ నుండవలెను. అంతేగాక తరంగబలములో కొంత పదార్థమే మ్రింగివేయును. గర్భస్థశిశువు తల్లి చర్మమునుండి అంగుళముల లోతున నున్నది. అందుచేత నాలుగు వారములలోనే గాదు, ఈ కాన్పునకును ఆ కటకము బందరునకు రాదని మేము నిక్కముగ చెప్పితిమి. ఆశ పెట్టుట సులభమే. కాని నెలదినములు దానిపై బ్రదుకవలసినది ఆమెగదా.

ఆమె కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "ఇప్పుడు గుండె యెంత యుండును?" అని యడిగినది. రేగుపండంత యుండవచ్చునంటిమి. "నెలకు పెరుగును గదా? జల్లెడ సన్నబడకున్నను గింజ పెద్దదగును. అందుకే మఱల రమ్మన్నది కాబోలు" అన్నది. ఆ మాట మాకు తోచనే లేదు. అంతలో చంద్రుడు వచ్చెనని పిల్లలు కేకలు వేసిరి. ఆమె లోనికి పోయి, మఱల బందరు పోవలసిన తేదీని పంచాంగపు టంచున వ్రాసికొని, అట్లు వడ్డించుటకు వచ్చినది.