సీటు దక్కింది, చదువు దక్కిందా?

సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన ముస్లిం వర్గాలకు 2007 చట్టం కల్పించిన 4 శాతం రిజర్వేషన్లు, దానికి తోడైన ఫీజు రీయింబర్స్‌మెంట్ తెలుగునాట ఎన్నో పేద కుటుంబాల పిల్లలను కళాశాల గడప దాటించాయి. 20 ఏళ్లు నిండిన ముస్లింలలో పట్టభద్రులు, డిప్లొమాదారులు కలిపి 4 శాతం లోపేనని 2006లో సచార్ కమిటీ తేల్చి చెప్పింది. ఆ స్థితి నుంచి చూస్తే ఇది చిన్న విజయం కాదు. అయితే ఆ సీటులో దొరుకుతున్న చదువు ఏపాటిదన్న ప్రశ్న ఇప్పుడు వేసుకోక తప్పదు.

ప్రమాణం, నాణ్యత అనే మాటలను మనం ఒకే అర్థంలో వాడుతుంటాం. పట్టా పొందడానికి విద్యార్థి అందుకోవలసిన స్థాయి ప్రమాణం. ఆ స్థాయికి చేర్చేందుకు కళాశాల అందించే బోధన, ప్రయోగశాల, గ్రంథాలయం, ఆసరా ఎంత మేలైనవన్నది నాణ్యత. ఒకే విశ్వవిద్యాలయానికి అనుబంధమైన రెండు కళాశాలల్లో పట్టా ఒకటే అయినా బోధన ఒకటి కాదు. ఇంట్లో తొలిసారి కళాశాల మెట్లెక్కిన బిడ్డకే ఈ తేడా గట్టిగా తగులుతుంది. లోటు పూడ్చుకోవడానికి ట్యూషన్ పెట్టించుకునే స్తోమత ఆ ఇంటికి ఉండదు.

యూజీసీ 1994లో నెలకొల్పిన నాక్ సంస్థ పాఠ్యక్రమం, బోధన, పరిశోధన, వసతులు, విద్యార్థి సహాయం, పాలన, విలువలు అనే ఏడు ప్రాతిపదికలపై కళాశాలలను తూచి గ్రేడ్లు ఇస్తూ వచ్చింది. గ్రేడు ఒక్కటే సర్వస్వం కాదు. పూర్తికాలపు అధ్యాపకులు ఎందరు? చేరినవారిలో ఉత్తీర్ణులైనది ఎందరు? ప్రయోగశాల తలుపులు వారానికి ఎన్నిసార్లు తెరుచుకుంటున్నాయి? ఈ సంగతులు తల్లిదండ్రులు నేరుగా అడిగి తెలుసుకోవాలి.

మైనారిటీ కళాశాలలను ఇలా నిలదీయడానికి మనవారు మొహమాటపడతారు. తమకు నచ్చిన విద్యాసంస్థలను స్థాపించి నిర్వహించుకునే హక్కును రాజ్యాంగం 30వ అధికరణలో మైనారిటీలకు ఇచ్చింది. దానిని కంటికి రెప్పలా కాపాడుకోవలసిందే. కానీ నిర్వహణ హక్కులో దుర్నిర్వహణ హక్కు ఇమిడి లేదని 1958లోనే, కేరళ విద్యా బిల్లు విషయంలో, సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అధ్యాపకుడు లేని తరగతి గదికి ఆ అధికరణ కవచం కారాదు. ప్రభుత్వాలకూ తప్పించుకునే వీలు లేదు. రీయింబర్స్‌మెంట్ బకాయిలు పేరుకుపోతే చివరికి చిక్కిపోయేది బోధనే.

అడ్మిషన్ల వేళ దరఖాస్తులు నింపిపెట్టడంతో మన సంఘాల బాధ్యత తీరదు. పై ప్రశ్నలను ప్రతి ఇంటికీ చేర్చాలి, జవాబులు రాబట్టాలి. సీటు మన హక్కయినప్పుడు, ఆ సీటులో సరైన చదువూ మన హక్కే.