మోకాలికి ఉన్న వైద్యం మనసుకేదీ?

ఆటగాడి మోకాలు వాస్తే ఐసు పట్టుకుని పరుగెత్తుకొస్తారు. రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదంటే మాత్రం 'అవన్నీ మామూలే' అని తేల్చేస్తారు.

అమెరికాలో వాషింగ్టన్ స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు క్వార్టర్‌బ్యాక్ టైలర్ హిలిన్‌స్కీ 2018 జనవరిలో, 21 ఏళ్లకే ఆత్మహత్య చేసుకున్నాడు. తల్లిదండ్రులు కిమ్, మార్క్ ఆ కడుపుకోతతోనే 'హిలిన్‌స్కీస్ హోప్' సంస్థ పెట్టి, కాలేజీలు తిరుగుతూ విద్యార్థి క్రీడాకారులతో మాట్లాడుతున్నారు. టైలర్ జెర్సీ నంబరు 3 ఇప్పుడు ఆ ప్రయత్నానికి గుర్తు.

దిగులుగా ఉందని కోచ్‌తో చెబితే జట్టులో చోటు, దాంతోపాటు స్కాలర్‌షిప్పు పోతాయేమోనన్న భయం పిల్లల నోరు నొక్కేస్తుంది. అందుకే కౌన్సెలర్ కోచ్ చేతికింద ఉండకూడదు. మన క్రీడా హాస్టళ్లకూ ఇదే వర్తిస్తుంది. ఈలోగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416ను హాస్టల్ గోడ మీద రాయించడానికి జీవో ఏమీ అక్కర్లేదు.