నీడకు లెక్క కట్టేదెవరు?

మే నెల మధ్యాహ్నం ఢిల్లీలోని సరోజినీ నగర్ మెట్రో స్టేషన్‌లో దిగి మార్కెట్టు దాకా నడిచే మనిషికి ముందుగా కావలసింది నీడ. తర్వాత అడ్డులేని ఫుట్‌పాత్, చుట్టూ నలుగురి అలికిడి. ఈ మూడూ ఉంటే కిలోమీటరు నడిచినా అలుపు తెలియదు. లేకపోతే రెండు వందల గజాలకే ఆటో పిలుస్తాం. జనానికి బద్ధకం ఎక్కువైందని తీర్పు చెప్పేవాళ్లు, వాళ్ల చేత నడక మాన్పించింది వీధేనని మాత్రం ఒప్పుకోరు.

హైదరాబాదులో పుట్టిన సరోజినీ నాయుడి పేరు పెట్టుకున్న ఈ పేట ఒకప్పుడు ఎవరూ చెప్పకుండానే నడిపించేది. 1950ల నాటి ప్రభుత్వ క్వార్టర్లు, వాటి ముందు వేప, రావి, నేరేడు చెట్లు. చలికాలపు ఎండలో మంచాలు వాల్చుకుని బఠాణీలు ఒలిచే ఆడవాళ్లు, చెట్టు కింద ఇస్త్రీ బల్ల, దాని పక్కన చెప్పులు కుట్టే అతను. ఉద్యోగరీత్యా ఢిల్లీ చేరిన మన తెలుగు కుటుంబాల ఆడపిల్లలు చీకటి పడ్డాక కూడా ఆ దారుల్లో ధైర్యంగా ఇంటికి వచ్చేవారంటే, వాళ్లకు కాపలా ఈ మనుషుల కళ్లే. వీధిని కాపాడేది దాన్ని గమనిస్తూ ఉండే మామూలు మనుషులేనని అమెరికాలో జేన్ జేకబ్స్ అనే రచయిత్రి 1961లోనే పుస్తకం రాసింది. ఇక్కడి ఇస్త్రీ మనిషి ఏ పుస్తకమూ చదవకుండానే ఆ పని చేశాడు. అతనికి జీతం లేదు, గుర్తింపు లేదు, కాలనీని తిరగగట్టే కొత్త ప్లానులో చోటూ కనబడదు.

2016లో కేంద్ర మంత్రివర్గం సరోజినీ నగర్‌తో కలిపి ఏడు కాలనీలను పడగొట్టి తిరిగి కట్టాలని నిర్ణయించింది. 12,970 ఇళ్ల స్థానంలో సుమారు 25,667. పాతవి శిథిలమయ్యాయి, ఇళ్లు కావాలి, కాదనను. కానీ అందుకోసం 16 వేలకు పైగా చెట్లు కొట్టాల్సి వస్తుందని 2018లో బయటపడేసరికి జనం వచ్చి మానులను కావలించుకున్నారు. ఢిల్లీ హైకోర్టు నరికివేతను ఆపింది. అధికారుల జవాబు మాత్రం ఒకటే: చెట్టుకు పది మొక్కలు నాటుతాం. ఎక్కడో నాటిన పది మొక్కలు ఈ దారిన వెళ్లే ముసలాయన నెత్తిన నీడ పట్టవు. అరవై ఏళ్ల చెట్టు చేస్తున్న పని ఏ పద్దులోనూ లేదు కాబట్టి దాన్ని కలప కిందే జమకట్టారు. నాకు కడుపు మండేది అక్కడే.

మార్కెట్టుదీ ఇదే కథ. 2021 డిసెంబరులో అక్కడి రద్దీ చూసి హైకోర్టే ఆందోళన పడింది. వెంటనే అందరి చూపూ వీధి వ్యాపారుల మీద పడింది. దారికి అడ్డంగా కూర్చున్నవారిని పక్కకు జరపాల్సిందే. అయితే వీధి వ్యాపారుల కోసం 2014లో చట్టమే వచ్చింది కదా, స్థలం గుర్తించి చూపించమని! వాళ్లను మొత్తం ఊడ్చేస్తే ఆ వీధికి నడిచి వచ్చేదెవరు? కార్లు నిలపడానికి అంతస్తులు కట్టారు. నడిచేవాడికి కనీసం 1.8 మీటర్ల ఖాళీ దారి వదలాలన్న ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం మాత్రం కాగితం దాటలేదు.

నడిచేవాళ్లు కొద్దిమందా? 2011 జనగణన ప్రకారం వ్యవసాయం, ఇంటి పరిశ్రమలు కాక ఇతర పనులు చేసేవారిలో ఐదో వంతుకు పైగా కాలినడకనే పనికి వెళ్తున్నారు. 2022లో దేశంలో రోడ్డు మీద ప్రాణాలు పోగొట్టుకున్న పాదచారులు 32,825 మంది. ఫుట్‌పాత్ మీద నడవడం జీవించే హక్కులో భాగమని 2025లో సుప్రీంకోర్టు చెప్పాల్సి వచ్చిందంటే, అన్నేళ్లూ మనం వాళ్లనెలా చూశామో తెలుస్తూనే ఉంది.

ఢిల్లీ అయినా, హైదరాబాదు అయినా, విజయవాడ అయినా, మీ కాలనీని తిరగగట్టే ప్లాను వచ్చినప్పుడు ఎన్ని కార్లు పడతాయని మాత్రమే అడగకండి. ఉన్న చెట్లలో ఏవి మిగులుతాయో, ఇస్త్రీ బల్లకూ కూరల బండికీ చోటెక్కడో గీసి చూపించమనండి. నోటితో కాదు, అర్జీ రాసి సంతకాలతో ఇవ్వండి, జవాబు వచ్చేదాకా వదలకండి.