బండికి ఆర్మీ డిజైన్, పడవకి ఆకుల ర్యాప్... మనకెందుకు?



ఈ మధ్య మన వాళ్ల స్టేటస్‌లు చూస్తే ఒకటే గోల. పల్సర్ ట్యాంకుకి ఆర్మీ డిజైన్, ఆటో వెనక ఆర్మీ డిజైన్, బొలెరో బానెట్ మొత్తం ఆర్మీ డిజైన్. ఇప్పుడు పడవల దాకా వచ్చింది. గోదారి మీద తిప్పే ఫైబర్ పడవకి ఆకులూ కొమ్మలూ ఉన్న వినైల్ ర్యాప్ వేయించి రీల్ పెట్టారు. చూడ్డానికి బాగుంది, కాదనను. కానీ సూటిగా చెప్తున్నా, ఏజెన్సీలో తిరిగే బండికి గానీ పడవకి గానీ ఈ ర్యాప్ వద్దు.

అసలు ఈ ఆకుల డిజైన్ ఎక్కడిది? అమెరికా వేటగాళ్లది. మాసీ ఓక్, రియల్‌ట్రీ అనే రెండు కంపెనీలు 1986లో చెట్టు బెరడు, ఆకులు, కొమ్మల బొమ్మలతో బట్టలు మొదలుపెట్టాయి. తర్వాత అదే డిజైన్ స్టిక్కర్ రోల్స్‌గా వచ్చింది. బాతుల వేటకెళ్లే వాళ్లు అడుగు చదునుగా ఉండే అల్యూమినియం పడవలకి దాన్ని అంటించి రెల్లులో దాక్కుంటారు. పైనుంచి వచ్చే బాతుకి పడవ కనపడకూడదు, అంతే దాని పని. అదే అమెరికాలో చాలా రాష్ట్రాల్లో తుపాకీతో జింక వేటకెళ్లే మనిషి మెరిసే నారింజ రంగు చొక్కా గానీ టోపీ గానీ వేసుకోవాలని చట్టం ఉంది. సాటి వేటగాడికి కనపడకపోతే తూటా తగిలేది మనిషికే కదా. ఆ డిజైన్ పుట్టిన చోటే అంత జాగ్రత్త. మనకేమో వన్యప్రాణి చట్టం కింద వేటే నేరం. మరి మనం ఎవరి కంట పడకూడదని ఈ వేషం?

పడవ సంగతి ముందు చెప్పాలి, ఎందుకంటే ప్రాణం పోయేది అక్కడ. 2022 జూలైలో భద్రాచలం దగ్గర గోదారి 71.3 అడుగులకి వచ్చింది. కూనవరం, వీఆర్ పురం, చింతూరు వైపు వాళ్లకి ఆ రోజులు నేను గుర్తు చేయక్కర్లేదు. బియ్యమైనా, నిండు గర్భిణి అయినా, జ్వరంతో ఉన్న పిల్లోడైనా పడవ మీదే. వరద నీరు మట్టి రంగు. అందులో సగం మునిగిన చెట్లు, కొట్టుకొచ్చే దుంగలు. ఆ మధ్యలో బురద రంగు, ఎండాకు రంగు పడవ ఉంటే ఒడ్డు మీద నుంచి చూసేవాడికి అది పడవో దుంగో తెలీదు. ఇంజను ఆగిపోయి కొట్టుకుపోతుంటే వెతికేవాళ్లకీ తెలీదు. లైఫ్ జాకెట్‌కి నారింజ రంగు ఎందుకు వేస్తారు? అందం కోసమా? జాకెట్ కనపడేలా చేసి, పడవని మాత్రం దాచిపెట్టడం నాకు అర్థం కాదు.

రోడ్డు మీదా ఇంతే. మారేడుమిల్లి నుంచి చింతూరు ఘాట్, పాడేరు ఘాట్, శీతాకాలం లంబసింగి పొగమంచు... మలుపులో ఎదురొచ్చే బస్సు డ్రైవర్‌కి నువ్వు ఎంత ముందు కనపడితే అంత మంచిది. ఆకారాన్ని ముక్కలు చేసి కన్నుని మోసం చేయడానికి తయారైన డిజైన్ అది.

ఇక రంగు గురించి. హైదరాబాద్‌లో ఆ ఆకుపచ్చ ఫ్యాషన్. మన దగ్గర కాదు. మన అమ్మానాన్నలు ఆ రంగు బట్టలని అడవిలో రెండు వైపులా చూశారు, రెండు వైపుల నుంచీ ప్రశ్నలు ఎదుర్కొన్నారు. మన కుర్రాడు మామూలు బండి మీద వెళ్తేనే "ఎక్కడి నుంచి, ఎవరింటికి" అని ఆపే రోడ్లున్నాయి. దానికి తోడు మనమే అనుమానాన్ని డబ్బులిచ్చి అంటించుకోవాలా? చట్టం కూడా చూడండి. కేంద్ర మోటారు వాహనాల నియమాలు 1989లో 121వ నియమం ప్రకారం రక్షణ శాఖ బండ్లకి తప్ప వేరే బండికి ఆలివ్ గ్రీన్ రంగు వేయకూడదు. "రూల్‌లో పెయింట్ అని ఉంది, నాది స్టిక్కరు" అని వాదించొచ్చు. ఆ వాదన రాత్రి తొమ్మిదింటికి చెక్‌పోస్టు దగ్గర నిలబడదు తమ్ముడూ. పైగా ఆర్‌సీలో ఎరుపు అని ఉండి బండి అడవి రంగులో ఉంటే అదింకో తలనొప్పి. 2022 జనవరిలో ఆర్మీ చూపించిన కొత్త డిజిటల్ డిజైన్ అయితే వాళ్ల పేరున రిజిస్టర్ అయ్యింది కూడా. దాన్ని అనుమతి లేకుండా తయారుచేసి అమ్మకూడదు.

"ఆర్మీ అంటే అభిమానం అన్నా" అంటారు. మంచిదే, రిక్రూట్‌మెంట్ ర్యాలీకి పరుగు ప్రాక్టీస్ చెయ్.

అలాగని ర్యాపింగ్ పని చెడ్డది అనడం లేదు. మనోళ్లు నేర్చుకోవాల్సిన పని. హీట్ గన్ పట్టుకుని, బుడగ లేకుండా వంపు మీద షీటు కూర్చోబెట్టడం చేతిలో విద్య. కాస్ట్ వినైల్ పల్చగా ఉండి వంపులకి సాగి నిలబడుతుంది. క్యాలెండర్డ్ వినైల్ చవక, కానీ ఎండకి ముడుచుకుని అంచులు లేస్తాయి. తారు పూసిన చెక్క నావకి ఏదీ అంటదు. ఫైబర్ పడవకి కూడా నీటి గీతకి పైనే వేయాలి, కింద వేస్తే అంచులోంచి నీళ్లు చొరబడతాయి. ముందు సబ్బు నీళ్లతో, తర్వాత స్పిరిట్‌తో తుడిచి, బాగా ఆరాకే అంటించాలి.

డిజైన్ మాత్రం మార్చండి. పడవకి పసుపో నారింజో వేసి, రెండు పక్కలా ఊరి పేరు పెద్ద అక్షరాల్లో రాయించండి. ఆటోకి ముందు తెల్ల, వెనక ఎర్ర రిఫ్లెక్టివ్ టేపు. సవరల గోడ బొమ్మలు వేద్దామని ఒక చెల్లి అడిగింది. నాకూ ఇష్టమే, కానీ అవి పూజతో ముడిపడిన బొమ్మలు, టైరు పక్కన బురదలో ఉండొచ్చా లేదా అన్నది ముందు ఊరి పెద్దల్ని అడగాలి. అడిగిన వాళ్లుంటే ఏమన్నారో కింద రాయండి.